పక్క సీటు

శిక్షణ మైదానం, హాస్టల్ మేడ మీది గది
సోమవారం

అక్కకి,

చేరాను. నాకిచ్చిన గది మన కారు డిక్కీకి అన్నగారిలా ఉంది. ఒక మంచం, ఒక కుర్చీ, తలుపు వెనక ఒక మేకు. కిటికీ తీస్తే మాత్రం రన్‌వే మొత్తం కనపడుతుంది, దాని చివర స్తంభానికి కట్టిన గాలి సంచీ కూడా. ఇన్నేళ్ళూ వాతావరణ ఆఫీసులో కూర్చుని గాలి ఎటు వీస్తోందో పైలట్లకి రాసి పంపాను. ఆ గాలి నా చెంపకి తగలడం ఇదే మొదలు.

నువ్వు అడుగుతావని ముందే చెబుతున్నాను. సెలవు వానలు మొదలయ్యేదాకానే. వానలు పడితే మైదానం మూసేస్తారు. ఆ లోపు నేనొక్కదాన్నే విమానాన్ని లేపి, మైదానం చుట్టూ ఒక చుట్టు తిప్పి, దింపాలి. అలా దింపినవాళ్ళని వానలు వెలిశాక మళ్ళీ పిలుస్తారు. దింపలేనివాళ్ళు ఇంటికి. నా వయసువాళ్ళకి రెండో అవకాశం ఉండదని చేర్చుకునేటప్పుడే మొహం మీద చెప్పారు. ఆఫీసులో నా కుర్చీ ఖాళీగానే ఉంది, దాన్ని తలుచుకుంటేనే వెన్ను నొప్పి వస్తోంది.

మా గురువుగారు ఎండలోనూ నీడలోనూ టోపీ తియ్యరు. అందుకని మనసులో టోపీ మాస్టారు అనుకుంటున్నాను. మొదటిరోజే ఆయన ముందు పరువు పోయింది. విమానంలో సగం కోసేసిన స్టీరింగులాంటిది ఒకటుంటుంది. నేల మీద దాన్ని ఎంత తిప్పినా లాభం లేదు, కాళ్ళ దగ్గరున్న పెడళ్ళతో దారి మార్చాలి. ఆయన కుడికి అన్నారు. నేను మన కారులో తిప్పినట్టు చేతులు అడ్డంగా వేసి తిప్పేశాను. విమానం నిమ్మకు నీరెత్తినట్టు తిన్నగా గడ్డిలోకి పోయి ఆగింది.

"కారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అన్నారు.

"మా అక్క దగ్గర. ఆవిడకి డ్రైవింగ్ స్కూలుంది."

"బాగా నేర్పారు. మర్చిపోవడానికి టైం పడుతుంది."

ఒక్క విషయంలో మెచ్చుకున్నారు. ఎవరూ చెప్పకముందే గుడ్డ తీసుకుని ముందు అద్దం తుడిచాను. "మూలలు వదిలేశావు" అనే నీ గొంతు ఇక్కడిదాకా వినపడి, మూలలు కూడా తుడిచాను.

బావని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు


డ్రైవింగ్ స్కూలు, ముందు గది
శనివారం

నత్తకి,

కారు నడిపేటప్పుడు నీకా పేరు పెట్టింది నేనే. నువ్వు గాలిలోకి లేచినంత మాత్రాన మార్చను.

గడ్డిలోకి పోయావని బావకి చెబితే నవ్వలేదు. రాత్రి పళ్ళు తోముకుంటూ నవ్వాడు. ఆయన నవ్వు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది కదా.

ఇక్కడ కొత్తగా బేకరీ ఆవిడ చేరింది, మన వీధి చివర రొట్టెల దుకాణం ఆవిడే. గేరు మార్చమంటే పిండి పిసికినట్టు పిసుకుతోంది. కానీ మాట వింటుంది. నేను ఊ అంటే కదులుతుంది, ఊహూ అంటే ఆగుతుంది. సొంత తెలివి చూపించదు. నాకలాంటివాళ్ళే కావాలి. మన స్కూల్లో నేర్చుకున్నవాళ్ళని ఈ ఊళ్ళో ఎక్కడైనా గుర్తుపట్టొచ్చు. లైసెన్సు వచ్చి ఏళ్ళయినా, పక్క సీట్లో ఎవరూ లేకపోయినా, చౌరస్తాలో ఒక్కసారి అటు తిరిగి చూసిగాని కదలరు. మొన్న బ్యాంకు మేనేజరు అలా చూస్తుంటే భలే ముచ్చటేసింది.

కారు ఎడమ అద్దం గేటుకి తగిలి పగిలింది. గేటు ఇరుకు. ఇన్నేళ్ళూ లేని ఇరుకు ఇప్పుడెక్కణ్ణించి వచ్చిందని బావ. ఆయనకి నన్ను ఏదో ఒకటి అనకపోతే తోచదు.

మీ టోపీ మాస్టారు కూర్చునే వైపు కూడా బ్రేకులూ అవీ ఉన్నాయా? ఉంటే నాకు బెంగ లేదు. ఆయన ఊ అనేదాకా నువ్వేమీ చెయ్యకు.

స్కూలు బోర్డు మీద నా పేరు కింద నీ పేరుకని వదిలిన చోటు అలాగే ఉంది. గుర్తు చేస్తున్నాను, అంతే.

అక్క


హాస్టల్ మేడ మీది గది
బుధవారం

అక్కకి,

ఇప్పుడు కాళ్ళు దారికొచ్చాయి. విమానం గడ్డివైపు చూడటం మానేసింది.

ఎగరడమంటే ఏమిటో నీకు చెప్పాలని ఉంది. నడుస్తున్న కారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అరచేతిని కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే చెయ్యి దానంతటదే లేస్తుంది. నువ్వు పెట్టనిచ్చేదానివి కాదనుకో, అయినా నేను వెనక సీట్లో కూర్చుని పెట్టేదాన్ని. రెక్క చేసే పని అంతే. అరచేతిని మరీ నిలబెట్టేస్తే మాత్రం లేవదు, వెనక్కి కొట్టుకుపోతుంది. రెక్క కూడా అలాగే, ముక్కు మరీ ఎత్తితే గాలిని వదిలేస్తుంది. ముందు హెచ్చరికగా ఒక బూర ఏడుపు మొదలుపెడుతుంది. తర్వాత ముక్కు కిందికి జారిపోతుంది.

మాస్టారు కావాలనే అలా చేయించారు. పడిపోతున్నాం కదా అని నేను గబుక్కున పైకి లాగాను. ఇంకా పడ్డాం. అప్పుడు చెయ్యాల్సింది కిందికి తొయ్యడమట. తోస్తే వేగం వస్తుంది, వేగం వస్తే రెక్క మళ్ళీ గాలిని పట్టుకుంటుంది, అప్పుడు మెల్లగా పైకి రావచ్చు. నాకు అర్థమైంది. నా చేతులకి అర్థం కావడానికి చాలాసార్లు పడాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. నాతోపాటు చేరిన కుర్రవాళ్ళిద్దరూ ఒంటరిగా ఎగిరి వచ్చేశారు. నన్ను పంపనని మాస్టారు చెప్పేశారు.

"మీ చేతులు బాగున్నాయమ్మా. కానీ ప్రతి మలుపుకీ ముందు నా మొహం చూస్తారు. దిగేముందు చూస్తారు. నేను కనుబొమ్మ ఎత్తితే చేస్తారు, ఎత్తకపోతే ఆగిపోతారు. ఈ విమానాన్ని నడుపుతున్నది మీరు కాదు, నా కనుబొమ్మ."

ఆ మాట అన్నప్పుడు కూడా, సరేనా అన్నట్టు ఆయన మొహమే చూశాను.

ఇది నాకెక్కడ అలవాటైందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కోపం వచ్చింది అక్కా, దాచను. నీ ఊ కోసం చూసీ చూసీ నా మెడ అటే తిరిగిపోయింది. వానలు దగ్గరపడుతున్నాయి. ఇది ఎలా పోగొట్టుకోవాలో నువ్వే చెప్పు, పెట్టినదానివి నువ్వే కాబట్టి.

చెల్లెలు


డ్రైవింగ్ స్కూలు
ఆదివారం

చెల్లికి,

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇంతవరకు ఒక్క పిల్లిని కూడా గుద్దలేదు. నీకు కారు నేర్పినప్పుడు నువ్వు వణికిపోతూ ఉంటే ఆ ఊ పట్టుకునే ఒడ్డున పడ్డావు. ఇప్పుడు అదే గొంతులో ముల్లయిందా?

ఎలా పోగొట్టాలో నాకు తెలీదు. నేను అలవాటు పెట్టడమే నేర్చుకున్నాను.

మోచెయ్యి తలుపుకి తగిలి వాచింది, అందుకే చిన్న ఉత్తరం.

అక్క


హాస్టల్ మేడ మీది గది
గురువారం

అక్కకి,

నీ చిన్న ఉత్తరం అందింది. చిన్నదైనా బాగానే కాల్చింది.

మాస్టారు ఒక ఉపాయం చేశారు. టోపీని ముక్కుదాకా లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు. మొహం కనపడదు కాబట్టి చూడనని ఆయన లెక్క. నేను టోపీని చూశాను. టోపీ ఎటు వంగితే అటు తిప్పాను. దిగాక ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన తలని చూడటం అదే మొదటిసారి, బట్టతల.

"ఇంకో వారం చూద్దాం" అన్నారు. ఆ మాట ఆయన ఎవరితో అన్నా వాళ్ళు తర్వాత కనపడలేదట.

మా ఆఫీసువాళ్ళు పంపే వాతావరణ సూచన ఇక్కడ గోడకి అంటిస్తారు. మబ్బులు బయల్దేరాయని రాశారు. నా పక్క టేబులు అమ్మాయి రాతలా ఉంది, అక్షరాలు గుండ్రంగా. నా బతుకు సంగతి నాకే ఆఫీసు కాగితం మీద వస్తోంది.

అది అలా ఉంచు. నీ చివరి రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ప్రతి లైనులోనూ చివరి అక్షరం లేదు. కాగితం అంచు దాటి టేబులు మీదికి పోయినట్టుంది. మూలలు వదిలేశావని నన్ను తిట్టే మనిషివి నువ్వు. ముందు కారు అద్దం గేటుకి, తర్వాత మోచెయ్యి తలుపుకి. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో చీకట్లో కూడా దేనికీ తగలకుండా నడిచావు.

అక్కా, ఏమైంది? బావని అడిగితే చెబుతాడు, కానీ నువ్వు చెబితేనే బాగుంటుంది.

చెల్లెలు


డ్రైవింగ్ స్కూలు, వెనక గది
సోమవారం

చెల్లికి,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. అడగకపోతే నీ వానలు అయ్యేదాకా చెప్పేదాన్ని కాదు.

పోయినవారం బేకరీ ఆవిడతో చౌరస్తాలో ఆగాం. ఆవిడ అలవాటు ప్రకారం నా వైపు చూసింది. నేను ముందుకి చూశాను, ఖాళీగా ఉంది. ఊ అన్నాను. పక్కనుంచి సైకిలు మీద ఒకాయన వస్తున్నాడు. నాకు కనపడలేదు. ఆవిడకి కనపడ్డాడు. కనపడినా, నేను ఊ అన్నాను కదా అని కదిలింది.

ఆయన మణికట్టు బెణికింది, సైకిలు చక్రం వంగింది. అంతటితో పోయింది. ఆయన తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్ళాక, చూసి కూడా ఎందుకు కదిలావని ఆవిడని అడిగాను. "మీరు ఊ అన్నారు కదండీ" అంది.

కళ్ళ డాక్టరు దగ్గరికి బావ లాక్కెళ్ళాడు. నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు అంచులనుంచి తరిగిపోతూ వస్తుందట. పోయింది రాదు. చుక్కల మందు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలుస్తుందని ఆశ. ఎదురుగా ఉన్నది చక్కగా కనపడుతూనే ఉంది కాబట్టి నాకు అనుమానమే రాలేదు. ఇన్నాళ్ళూ అనవసరంగా గేటుని ఆడిపోసుకున్నాను.

స్టీరింగు మానేశాను, పక్క సీటూ మానేశాను. బస్సులు నడిపి రిటైరైన ఒకాయన వచ్చి కూర్చుంటున్నాడు. అయినా బేకరీ ఆవిడని మాత్రం సగంలో వదలబుద్ధి కాలేదు. నేను వెనక సీట్లో కూర్చుని, కనపడిందల్లా పైకి చెప్పమన్నాను. ఎవరొస్తున్నారో, తనేం చెయ్యబోతోందో, ఆఖర్న ఊ కూడా తననే అనుకోమన్నాను. మొదటిరోజు ఏడ్చింది. రెండోరోజు నన్ను తిట్టింది. నిన్న చౌరస్తాలో, "అటునుంచి లారీ, ఇటు ఎవరూ లేరు, లారీ పోయింది, ఊ" అని తనకి తనే చెప్పుకుని కదిలింది. గేరు ఇంకా పిసుకుతూనే ఉందిలే.

నువ్వూ నోటితో చెప్పు. ఇంకెవరి మొహమూ చూడకు. నాదైనా సరే.

ఇది చదివి పెట్టె సర్దుకుంటావు, నాకు తెలుసు. వద్దు. పడుతున్నప్పుడు గబుక్కున పైకి లాగకూడదని నాకు రాసింది నువ్వే. బోర్డు మీద నీ పేరుకని ఉంచిన చోట రంగు కొట్టించేశాను. "రివర్సు ప్రత్యేకంగా నేర్పబడును" అని రాయించాను. ఇక అక్కడ నీకు చోటు లేదు.

నాకు భయంగానే ఉంది. కళ్ళ గురించి భయం, నీ గురించి కూడా భయం. అయినా వద్దంటున్నాను.

అక్క


హాస్టల్ మేడ మీది గది
శుక్రవారం

అక్కకి,

పెట్టె సర్దాను. అబద్ధమెందుకు, దాన్ని మోసుకుంటూ గేటుదాకా వెళ్ళాను. బస్సు రావడం ఆలస్యమైంది. నిలబడి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. బోర్డు సంగతి దగ్గర ఏడుపొచ్చింది, ఆ రివర్సు ముక్క దగ్గర నవ్వొచ్చింది. గేటు కాపలావాడు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. తాగేసి వెనక్కి వచ్చాను. నీ దగ్గరికి రాకుండా ఉండటం ఇంత కష్టమని నాకు తెలియదు.

మర్నాడు విమానంలో పైకి చెప్పడం మొదలుపెట్టాను. "రన్‌వే ఎడమ రెక్క కింద ఉంది. ఎత్తు సరిపోయింది. అటుపక్క ఎవరూ లేరు. తిప్పుతున్నాను. ఊ."

"ఎవరితో మాట్లాడుతున్నారు?" అన్నారు మాస్టారు.

"నాతోనే సార్."

"సరే, మీరిద్దరూ మాట్లాడుకోండి" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. రెండుమూడు రోజులు అలాగే. ఒకటి రెండుసార్లు మెడ అటు తిరగబోయింది. నోరు ముందు కదలడంతో మెడ ఆగింది.

నిన్న పొద్దున ఒక చుట్టు వేసి దిగాక రన్‌వే పక్కన ఆపమన్నారు. ఇంజిను తిరుగుతూనే ఉంది. ఆయన దిగి, ఖాళీ సీటుకి అడ్డంగా బెల్టు బిగించారు. "ఒక్క చుట్టు. నచ్చితే దిగండి. నచ్చకపోతే మళ్ళీ లేవండి. తొందరేం లేదు" అని తలుపు వేసి, టోపీ గాలికి ఎగరకుండా పట్టుకుని నడిచి వెళ్ళిపోయారు.

ఆయన బరువు లేకపోయేసరికి విమానం నేను అనుకున్నదానికంటే ముందే నేలని వదిలేసింది. నాకు ఆనందం లాంటిదేమీ కలగలేదు. పని ఎక్కువగా ఉంది. చెబుతూ తిప్పాను, చెబుతూ రన్‌వేకి సమాంతరంగా వచ్చాను, చెబుతూ దిగడం మొదలుపెట్టాను. అప్పుడు పక్కగాలి కొట్టింది. రన్‌వే గీత మీదనుంచి పక్కకి జరిగిపోతున్నాను, ఎత్తు కూడా ఎక్కువ. అక్కడ, అక్కా, నేను పక్క సీటు చూశాను. బెల్టు బిగించి ఉంది, ఎవరూ లేరు.

చాలా భయం వేసింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట "ఊహూ". గట్టిగానే అన్నాను, నీ గొంతులా వినపడింది. ఇంజినుకి పూర్తి బలం ఇచ్చి, ముక్కుని మరీ ఎత్తకుండా ఆపి, దిగకుండానే మళ్ళీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగాను. ఈసారి గాలికి ఎదురుగా కొంచెం వంచి వచ్చాను. రన్‌వే మీదికి వచ్చాక ఇంజిను తగ్గించి, ముక్కు మెల్లగా ఎత్తి, ఊ అనుకున్నాను. రెండుసార్లు ఎగిరెగిరి పడి నిలబడింది. అందంగా దిగానని చెప్పను. దిగాను.

మాస్టారు వచ్చి తలుపు తీశారు. మొదటిసారే ఎలాగోలా దింపేసి ఉంటే మళ్ళీ ఒంటరిగా పంపేవాణ్ణి కాదన్నారు. వద్దనుకుని మళ్ళీ లేచానే, అది చూశాక నిశ్చింతగా బీడీ ముట్టించారట. వానలు వెలిశాక పిలిచేవాళ్ళలో నా పేరు రాశారు.

రాత్రినుంచి వాన. కిటికీ అద్దం మీద కురుస్తూనే ఉంది, మైదానానికి తాళం వేశారు. రేపు బయల్దేరుతున్నాను. ఇప్పుడు రావచ్చు కదా? చుక్కల మందు నేను వేస్తాను, బావ చెయ్యి వణుకుతుంది.

లైసెన్సు రావడానికి ఇంకా చాలా ఉంది. వచ్చాక నా పక్కన కూర్చునే మొదటి మనిషివి నువ్వే. వస్తావా?

చెల్లెలు


డ్రైవింగ్ స్కూలు, వెనక గది
వానలు వెలిశాక, మొదటి మంగళవారం

నత్తకి,

నువ్విక్కడున్నన్నాళ్ళూ రోజూ అడిగావు, నేను రోజూ మాట మార్చాను. మళ్ళీ మైదానానికి వెళ్ళిపోయావు కాబట్టి జవాబు కాగితం మీద రాస్తున్నాను. ఎదురుగా ఉంటే ఏడుస్తావు. నేనూ ఏడుస్తానేమో.

నువ్వు వెళ్ళిన మర్నాడు కళ్ళు చూపించుకోవడానికి బేకరీ ఆవిడ కారులో వెళ్ళాను. లైసెన్సు వచ్చేసిందిగా, ఇప్పుడు ఆవిడ బండి, ఆవిడ ఇష్టం. నేను పక్క సీట్లో కూర్చున్నాను. చౌరస్తాలో ఆగింది. ఊ నా నాలిక చివరిదాకా వచ్చింది, నాలికని పళ్ళ మధ్య పెట్టి నొక్కి పట్టుకున్నాను. ఆవిడ అటూ ఇటూ చూసుకుని, తనలో తను ఏదో గొణుక్కుని కదిలింది. నా వైపు చూడనే లేదు. మనసు కొంచెం నొచ్చుకుంది. తర్వాత హాయిగా కూడా అనిపించింది, రోడ్డు పక్కన చెట్లున్నాయని ఇన్నేళ్ళకి గమనించాను, తల తిప్పి మరీ చూశాను.

చూపు పోయినసారి ఉన్నంతే ఉందట, తగ్గలేదు. అది మంచి కబురేనని డాక్టరు రెండుసార్లు చెప్పాడు.

నీ పక్కన కూర్చోవడానికి వస్తాను. ఎదురుగా ఉన్నది నేను చూడగలను. అటుపక్కా ఇటుపక్కా ఏముందో నువ్వు పైకి చెబుతూ ఉండు, నేను వింటాను. నన్నేమీ అడగకు. అడిగినా చెప్పను.

ముందు అద్దం మాత్రం నువ్వు ముట్టుకోకు, నేనే వచ్చి తుడుస్తాను. నువ్వు మూలలు వదిలేస్తావు.

అక్క